దాపు మనిషి

మా అత్తగారింట్లో ఆడది సుత్తి ముట్టకూడదు. ఇనుము పెట్టి కొట్టే దాగలి దాటకూడదు. తల విరబోసుకుని కొలిమి దగ్గరికి పోకూడదు. పోతే ఇనుము అతకదని మా మామ నమ్మకం. అదే మామ నన్ను మాత్రం ఇనుప డ్రమ్ములోకి దింపేవాడు. దానికి ఏ శాస్త్రమూ అడ్డం రాలేదు. లోపల నా చేతికి ఇచ్చేది సుత్తి కాదట, ఉత్త ఇనుప దిమ్మట. దిమ్మ పనిముట్ల కిందికి రాదట. అవసరమైన చోట కన్ను మూసుకునే శాస్త్రం ఎంత చక్కనిదో చూడండి.

మాది బేతంచెర్ల. రైలు స్టేషనుకు ఇవతల, బండలు మోసే లారీలు ఆగే చోట మా కొలిమి కొట్టం ఉండేది. యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై లారీలన్నీ బొగ్గు మీద నడిచాయి. లారీకి పక్కన నిలువెత్తు డ్రమ్ము ఒకటి బిగించేవాళ్లు. దాని నిండా బొగ్గు పోసి అడుగున నిప్పు పెడితే అందులో పుట్టే గ్యాసు గొట్టం గుండా ఇంజనుకు పోయేది. యుద్ధం అయిపోయిందన్నారు, గెలిచామన్నారు, పెట్రోలు మాత్రం రాలేదు. మా బొగ్గు లారీలు అట్లాగే దగ్గుకుంటూ తిరిగాయి. మా దారులు ఎట్లాంటివో ఈడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బండల బరువుకూ గుంతలకూ డ్రమ్మును లారీకి కట్టి ఉంచే ఇనుప పట్టీలు వదులయ్యేవి, వాటి రివీట్లు ఊడేవి. ఊడిన ప్రతిదీ మా కొట్టానికే వచ్చేది.

రివీటు అంటే ఏముంది, రెండు రేకులను కలిపి కుట్టే ఇనుప మేకు. బెజ్జంలో లోపలి నుంచి దూర్చి, బయటికి పొడుచుకొచ్చిన కొసను సుత్తితో కొట్టి అణచాలి. అయితే బయట కొడుతుంటే లోపలి తల వెనక్కి జారిపోతుంది. జారకుండా ఎవరో ఒకరు లోపల నుంచి బరువు ఆనించి పట్టుకోవాలి. ఆ ఆనించి పట్టడాన్ని మా కొట్టంలో దాపు అనేవాళ్లు. కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దును దాపటెద్దు అంటాం కదా, ఆ మాటే. డ్రమ్ము మూతి జల్లెడంత ఉండేది. మా ఆయన భుజాలు అందులో పట్టవు. మా మరిది భుజాలు అసలే పట్టవు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అత్యవసరమని దింపి చూశారు. పట్టాను. ఇంక చెప్పేదేముంది, ఆ రోజు నుంచి లారీ డ్రైవర్లకు కూడా నేను దాపు మనిషినే.

చేతులు రెండూ పైకెత్తి కాళ్లు ముందు పెట్టి దిగాలి. లోపల కూర్చోవడానికి చోటు లేదు, మోకాళ్లు వంచుకుని నిలబడాలి. వంచిన మోకాలు రేకుకు తగులుతుంది, వీపు రేకుకు తగులుతుంది, మసి ముక్కులోకి పోతుంది. మా ఎండల్లో ఆ రేకు పెనం లాగా కాలేది. బయట సుత్తి దెబ్బ పడితే అది దిమ్మలోంచి నా మణికట్టుకు వచ్చి, అక్కడి నుంచి పళ్లలోకి ఎక్కేది. సుత్తి మోగేటప్పుడు మాట వినపడదు కాబట్టి గుర్తులు పెట్టుకున్నారు. రేకు మీద ఒకసారి కొడితే ఆనించమని. రెండుసార్లు కొడితే పక్క బెజ్జానికి జరగమని. బయటికి రమ్మనడానికి గుర్తేదీ పెట్టలేదు. నాకై నేను రాలేను కూడా. పైనుంచి ఇద్దరు చేతులు పట్టి గుంజితేనే ఆ మూతిలోంచి బయటపడేది. ఇప్పటికీ నా కుడి చెవి దగ్గర ఎవరైనా మాట్లాడితే తల తిప్పి ఎడమ చెవి ఇస్తాను.

మొదటి కడుపు నిలవలేదు. ఒకనాడు పొద్దున పని చేసి వచ్చాను, సాయంత్రానికి పోయింది. ఊరంతా దిష్టి అన్నారు. అత్త మహానందికి మొక్కుకుంది, తీసుకుపోయి కోనేట్లో ముంచి తీసుకొచ్చింది. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో! అడుగున గులకరాయి కూడా కనిపిస్తుంది. ఆ నీళ్లలో నిలబడి నేను ఈశ్వరుణ్ణి అడిగింది బిడ్డను కాదు. తండ్రీ, నన్ను ఆ డ్రమ్ములోకి పంపించొద్దు అని అడిగాను. దిష్టీ కాదు గిష్టీ కాదు, ఆ దెబ్బలే నా కడుపు తీశాయని నాకు తెలుసు. ఎవరికి చెప్పేది?

రెండోసారి నెల తప్పినప్పుడు అత్తకు చెప్పాను. మూడు నెలలు దాటాయి, ఇంక ఆ పని నావల్ల కాదు అన్నాను. ఆమె చెడ్డ మనిషి కాదు. పాపం, ఆలోచించే చెప్పింది. తను తొమ్మిదో నెల దాకా బండలు మోసిందట, ఒళ్లు వంచితే కాన్పు సులువవుతుందట. అయినా ఇట్లాంటి మాట మగవాళ్ల చెవిన వేయకూడదు, కడుపు కనపడితే వాళ్లే మానిపిస్తారు, అప్పటిదాకా ఓర్చుకో అంది. మా ఆయనకూ చెప్పాను. తండ్రి ముందు నోరెత్తే రకం కాదు. రాత్రి నా కాళ్లు ఒత్తి పడుకున్నాడు, అదే ఆయన చేసిన సాయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నా మటుకు ముందూ వెనకా కూడా రేకే.

అట్లాంటి రోజుల్లో కర్నూలు నుంచి ఒక సాయిబు వచ్చాడు. పాత సామాన్ల వ్యాపారి. యుద్ధం అయిపోయాక బెంగుళూరు వైపు పటాలం సామాన్లన్నీ కుప్పలు పోసి వేలం వేస్తున్నారని, అక్కడ కొన్నవి గోనె సంచిలో వేసుకుని కొట్టం కొట్టం తిరుగుతున్నాడు. ఆయన వచ్చేసరికి నేను డ్రమ్ములో ఉన్నాను. ఆయన ముఖం ఆ పొద్దు నేను చూడనే లేదు. గొంతు విన్నాను. సంచి నేల మీద పెట్టిన చప్పుడు విన్నాను. ఖాళీ బెజ్జంలోంచి చూస్తే తెల్ల లుంగీ కొంచెం, తోలు చెప్పు కొంచెం కనిపించాయి.

సాయిబు చెప్పేది వినడానికి ఆ బెజ్జానికి ఎడమ చెవి పెట్టాను. విమానం రెక్క లోపలికి మనిషి చెయ్యి పోదట. అందుకని దొరలు కొత్త రకం రివీటు చేశారట. గొట్టం మాదిరి ఉంటుంది, గొట్టం లోపల నట్టుకు ఉన్నట్టే మర ఉంటుంది. బెజ్జంలోకి బయటి నుంచే దూర్చి, పనిముట్టు పెట్టి లాగితే లోపలి భాగం ఉబ్బి రేకును పట్టేస్తుంది. పనిముట్టు తీసేస్తే మిగిలింది నట్టు. దానిలోకి బోల్టు బిగించుకోవడమే. వెనక నుంచి దిమ్మ ఆనించే పని లేదు. లోపల మనిషి అవసరం లేదు. పాపం, దొరల ఇళ్లలో రెక్కల్లోకి దింపడానికి కోడళ్లు లేనట్టుంది, అందుకే ఇంత తలకాయ ఖర్చు పెట్టారు అనుకున్నాను.

లోపల మనిషి అవసరం లేదు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. దిమ్మ కింద పెట్టి కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. దేవుడు మహానందిలో వినలేదు గానీ బెంగుళూరులో విన్నాడు అనుకున్నాను.

మా మామ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి వేసే రకం. వెనక దాపు లేకుండా రివీటు నిలబడదు, నిలబడినట్టు కనపడుతుంది గాని దారిలో ఊడుతుంది, అన్నాడు. సాయిబు రెండు పనిముట్లు తీసి చూపించాడు. ఒకటి పట్టకారు మాదిరి రెండు కాళ్లది, కాళ్లు దగ్గరికి నొక్కితే చాలు. రెండోది బరువైనది, పానాతో మెల్లగా తిప్పాలి. పట్టకారు రకం శానా తేలిక, ఆడకూతురైనా నొక్కగలదు అని సాయిబు మెచ్చుకోలుగా అన్నాడు. ఆ మాటతో దాని ఖర్మ సగం కాలింది. ఆడది నొక్కేది పనిముట్టు ఎట్లా అవుతుంది మా ఇంట్లో?

అయినా చూద్దామన్నారు. చూడ్డానికి వేరే రేకు ఎందుకు, ఈ డ్రమ్ము ఉంది కదా, లోపల కోడలు ఉండనే ఉంది అన్నాడు మామ. ఇనుము తొలిచే బర్మాతో బెజ్జం వేశారు. ఇనుప రజను నా మెడ మీద రాలింది. ఆ బెజ్జంలోంచి చిటికెన వేలంత గొట్టం లోపలికి పొడుచుకొచ్చింది. బయట పట్టకారు కిర్రుమంది. నేను చూస్తుండగానే ఆ గొట్టం పొట్ట ఒక పక్కన ఉబ్బింది. రెండో పక్క ఉబ్బలేదు. బయట బోల్టు బిగించారు. బిగిసింది బిగిసింది అని సాయిబు అంటున్నాడు. మా మరిది పట్టీ పట్టుకుని ఊపి, గట్టిగానే ఉండాది నాయనా అన్నాడు. నేను లోపల చీకట్లో వేళ్లతో తడిమాను. నా వేళ్ల కింద అది తిరిగింది. మెల్లగా, ఊడబోయే పన్ను మాదిరి.

రేకు మీద మామ ఒకసారి తట్టాడు. సుత్తితో కాదు, వేళ్లతో.

"లోపల ఎట్లుండాదమ్మా?"

పట్టింది అని ఒక్క మాట అంటే చాలు. అక్కడికి నా దాపు పని ఆఖరు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ లారీ ఎక్కి డ్రమ్ము పక్కన నిలబడి బొగ్గు పోసేది ఎవరనుకున్నారు? మా ఆయనే. కొట్టంలో పని లేనప్పుడు ఆ లారీ మీద కూలికి పోయేవాడు. బండలు నింపుకుని ఘాట్ దిగేటప్పుడు ఆ పట్టీ ఊడితే నిప్పుతో సహా డ్రమ్ము ఆయన మీద పడుతుంది. ఎట్లా చెప్పేది పట్టిందని? కసి పుట్టింది నాకు. అబద్ధం చెప్పే అదృష్టం కూడా లేకపోయిందే అని.

"తిరుగుతాండాది మామా" అన్నాను.

సాయిబు ఒప్పుకోలేదు. ఆడమనిషి, చీకట్లో ఏం తెలుస్తుంది అన్నాడు. మామకు కోపం వచ్చింది. నేను ఆ ఇంట్లో ఉన్నంత కాలంలో ఆయన నా తరఫున మాట్లాడింది అదొక్కసారే. మా కోడలి వేలు అబద్ధం చెప్పదు, ఆమె పట్టింది అంటే పట్టింది, లేదంటే లేదు అన్నాడు. మనిషిని మెచ్చుకుంటే ఎవరికైనా ఒళ్లు పొంగుతుంది. నాకూ పొంగింది, దాచడమెందుకు. కాళ్లు తిమ్మిరెక్కి, చెమట కళ్లలోకి కారుతూ, ఆ రేకు డబ్బాలో నిలబడి నేను నవ్వుకున్నాను. పిచ్చిదాన్ని.

రెండో పనిముట్టు పెట్టారు. మళ్లీ బెజ్జం, మళ్లీ రజను. ఈసారి మెల్లగా పానా తిప్పుతున్నారు. ఒక్కో తిప్పుకూ గొట్టం కొంచెం కొంచెం కురచవుతూ వచ్చింది. జొన్నరొట్టె పొంగినట్టు చుట్టూ సమంగా ఉబ్బి రేకును కరుచుకుంది. వేళ్లతో తిప్పాను, కదల్లేదు. దిమ్మతో పక్క నుంచి కొట్టాను, కదల్లేదు. గోరు దూర్చి చూశాను, సందు లేదు. ఇంతకంటే ఏం కావాలి? మామ అడగకముందే నేనే రేకు తట్టి అరిచాను, ఇది పట్టింది మామా, ఇదే తీసుకో, చుట్టూ పట్టింది అని. నా గొంతు నాకే గుయ్యిమని తిరిగి వినపడింది.

మామ ఆ బరువైన పనిముట్టును చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడని మా ఆయన తర్వాత చెప్పాడు. మామ నిర్ణయం మాత్రం నా చెవికి స్పష్టంగా వినపడింది.

"ఇది తీసుకుంటా అప్పా. పని బాగుండాది. అయితే బయట నుంచి చూస్తే రెండూ ఒకే తీరుగా ఉండాయి. లోపల చూసే మనిషి లేకపోతే మేము మొదటిదే తీసుకునేవాళ్లం. ఇంక ప్రతి నట్టుకూ మా కోడలు లోపలుండి తడిమి చెప్పాల."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. లోపల మనిషి అక్కర్లేని పనిముట్టు కొని, అది పని చేసిందో లేదో చూడ్డానికి మళ్లీ లోపలికే మనిషి. నా నోటితో నేనే తాళం వేసుకున్నాను. దీపం దించి పైనుంచి చూడొచ్చు కదా మామా అన్నాను. చూస్తే కనపడుతుంది గాని గట్టితనం తడిమితేనే తెలుస్తుంది, నువ్వే కదా తడిమి చెప్పింది అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో. అప్పటిదాకా నేను ఇనుప దిమ్మకు తోడు. ఇప్పుడు మర్యాద పెరిగింది, దిమ్మ లేకుండా ఒట్టి వేళ్లతో దిగొచ్చు.

రేకు మీద రెండుసార్లు తట్టారు. పక్క బెజ్జానికి జరగమని.

నేను జరగలేదు. ఒంట్లోని మంట అంతా నోట్లోకి వచ్చింది. మామ ముందు, మరిది ముందు, ముఖం కూడా చూడని పరాయి సాయిబు ముందు, ఏ ఆడదీ అనకూడని మాట అన్నాను.

"నాకు నాలుగో నెల మామా. మొదటిది ఈ డ్రమ్ములోనే పోయింది. దీన్ని పోనీయను. నన్ను పైకి తియ్యండి."

కొలిమి తిత్తి ఆగిపోయింది. ఎవరో దగ్గారు. సాయిబు అల్లా అల్లా అనుకుంటూ పక్కకు పోయినట్టు చెప్పుల చప్పుడు వినపడింది. నిజం చెబుతున్నాను, తిడతారనుకున్నాను. మామ తిట్టలేదు. ఆయన గొంతు పూర్తిగా మారిపోయింది. ముందే చెప్పల్ల గదా తల్లీ అని, మా ఆయనను కసిరాడు, నీకు తెలుసా, తెలిసి నోరు మూసుకున్నావా అని. అత్తను కేకేశాడు. మూతి అంచు కోసుకుంటుందని తన తలగుడ్డ విప్పి మూతి చుట్టూ వేశాడు. ఆ ఇంటి పెద్ద తలగుడ్డ తీయగా నేను అంతకుముందు చూసింది లేదు. మెల్లగా తీయండి, నడుము పట్టి తీయండి అని చెబుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత మంచితనం ఇంట్లోనే పెట్టుకుని ఇన్నాళ్లు ఎక్కడ దాచారు అనిపించింది.

అప్పటికే నడుము కొంచెం లావైంది. మూతిలో సగానికి వచ్చి ఆగిపోయాను. చేతులు పైకి, తల బయట, నడుము దగ్గర రేకు. మా ఆయన ఒక చెయ్యి, మరిది ఒక చెయ్యి. మెల్లగా, మెల్లగా అంటూ మామ ఒక పక్క నా సంగతి చూసుకుంటూనే, రెండో పక్క, అటు తిరిగి నిలబడిన సాయిబుతో బేరం ముగిస్తున్నాడు. పనిముట్టు ఇక్కడ వదిలిపెట్టి పొమ్మన్నాడు. నట్లు మళ్లీ వచ్చేటప్పుడు తెమ్మన్నాడు. తర్వాత, ఏదో మర్చిపోయిన సామాను గుర్తొచ్చినట్టు, మరిది వైపు చెయ్యి చూపించాడు.

"మా చిన్నోనికి వచ్చే ఎండకాలం పెండ్లి చేయాల. బద్వేలు పక్క తిరుగుతాంటావు గదా అప్పా, మావాళ్లలో సన్నంగా ఉండే పిల్ల యాడన్నా ఉంటే చెప్పు."

నేను అప్పటికింకా మూతిలోనే ఉన్నాను. వద్దు మామా అన్నాను. ఆయన నా వైపు తిరిగి ముద్దుగా నవ్వాడు. తోడికోడలు వస్తే నీకు సుఖమే గదమ్మా, అసూయ పడకూడదు అన్నాడు. మరిది సిగ్గుపడ్డాడు. అత్త నవ్వింది. మా ఆయన కూడా, నా చెయ్యి పట్టుకుని గుంజుతూనే, నవ్వాడు. నాకు సుఖమే. ఆ సుఖం దేనితో వస్తుందో అక్కడ ఒక్కరికీ తట్టలేదు, లేదా అందరికీ తట్టింది.

నాకు కొడుకు పుట్టాడు, బతికాడు. వాడి పురిటి నీళ్లు పోసిన వారానికే మరిది పెళ్లి జరిగింది. పిల్ల బద్వేలు అవతలి పల్లె నుంచి వచ్చింది. చేతికి వేసిన గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. గలగలా మాట్లాడేది, ఉన్న చోట ఉండేది కాదు. వచ్చిన రెండో నాడే ఇల్లంతా తిరిగి, కొట్టం దాకా పోయి, సుత్తి ముట్టకూడదని అత్త చెబితే సరేనని చేతులు వెనక్కి పెట్టుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా ఒళ్లోని బిడ్డను ఎత్తుకుని, బయట బండల మీద నిలబెట్టిన డ్రమ్ము వైపు చూసింది.

"అక్కా, అంత పెద్ద డ్రమ్ముకు అంత చిన్న మూతి ఎందుకు పెట్టినారు?" అని అడిగింది.

అత్త ఇంట్లోకి పోయింది. చెప్పే పని నాకే పడింది.